ఎవలు నేర్చుకోవాలె

ఉట్నూరు

దోస్తూ,

నీ ఉత్తరం అందింది. మ్యూనిక్ చలి కన్న నీ ఆఫీసు మనుషుల సంగతే ఎక్కువ రాసినవ్. మీటింగుల అందరి ముంగట నీ పని బాగలేదని మొహం మీదనే అన్నరని, చాయ్ తాగుతవా అని సుత అడగరని, వీళ్ళకు మనసే లేదని తిట్టుకున్నవ్. నాకు నవ్వొచ్చింది. మన కరీంనగరోళ్ళు నౌకరీ మీద ఈ ఏజెన్సీకొచ్చి గోండుల గురించి గిట్లనే అంటరు. "ఎంత అడిగినా పలకరు. అన్నిటికి తల ఊపుతరు. తెల్లారి మల్ల రారు."

మనం ఆలస్యమైతె బస్సు దొరకలేదంటం. ఎదుటోడు ఆలస్యమైతె వాడు బద్దకపోడంటం. సైకాలజోళ్ళు దీనికో పెద్ద పేరు పెట్టిన్రు గాని, పేరుతోని మనకేం పని? కొత్త జాగల ఈ రోగం ఇంక ముదురుతది, వాళ్ళ బస్సు ఏ దారిల వస్తదో మనకు తెల్వదు గద.

గోండులు తల ఊపితె ఒప్పుకున్నరని లెక్క కాదు. నిజాం కాలంల అడవిని రిజర్వు చేసి గూడాలు ఖాళీ చేయించిన్రు. సర్కారు కాయిదాలు ఉర్దూల, షావుకారి లెక్కలు మరాఠీల, తెలుగుల. గోండీ తెలిసిన అధికారి దొరుకుడే కష్టం. అసొంటి ఆఫీసు ముంగట నోరు మూసుకునుడే తెలివి. 1940ల జోడేఘాట్ కాడ, నిజాం మీద తిరగబడ్డ గోండు నాయకుడు కుమ్రం భీంను చంపినంక గాని, వీళ్ళ గోస వినెటోడొకడు కావాలని సర్కారుకు తట్టలేదు.

ఆ వచ్చినాయన హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త. 1909ల వియన్నాల పుట్టిండు. యుద్ధం మొదలైననాడు చేతుల జర్మనీ పాస్‌పోర్టు, ఉన్నదేమో ఇంగ్లీషోళ్ళ ఇండియాల. శత్రుదేశపోడని హైదరాబాద్ రాజ్యం దాటొద్దన్నరు. ఆయన్ను నేను దేవుణ్ణి చెయ్య, సర్కారు పంపిన మనిషే. గాని బంగళాల కూసోని గోండులను పిలిపించుకోలె. భార్య బెట్టీతోని మార్లవాయిల ఉన్నడు, గోండీ నేర్చిండు. 1943ల అక్కడనే గోండు పంతుళ్ళకు ట్రైనింగు సెంటర్ పెట్టిచ్చిండు. ఈ దిక్కు మరాఠీ అక్షరం అలవాటు గనుక గోండీ వాచకాలు దేవనాగరిల అచ్చేసిన్రు. ఆ ఇద్దరి సమాధులు మార్లవాయిలనే ఉన్నయి.

గోండీల చదువు చెప్పుడు విలువ ఏందో నాకు బడిల తెలుస్తది. ఒకటో తరగతి పిల్లలు మొదట్ల నోరిప్పరు. కొత్త సారు మొద్దులంటడు. గోండు టీచరమ్మ వచ్చి వాళ్ళ భాషల ఒక్క మాట అనంగనే చెవులు పలిగే లొల్లి!

నాగోబా జాతరల దర్బారు సుత హైమన్‌డార్ఫ్ కాలందే, 1940లల మొదలైంది. ఏడాదికొకసారి అధికారులే కేస్లాపూర్ వచ్చి, మెస్రం వంశపోళ్ళ గుడి కాడ గోండు పెద్దల ముంగట కూసోని అర్జీలు వింటరు. ఆఫీసుల తల ఊపిన మనిషే ఇక్కడ మైకు పట్టుకొని అడుగుతడు. ఇప్పుడది కొంత నాయకుల ఉపన్యాసాల సభ అయింది, అది వేరే ముచ్చట.

కేస్లాపూర్‌ది ఇంద్రవెల్లి మండలమే. అదే ఇంద్రవెల్లిల 1981 ఏప్రిల్ 20న, భూముల కోసం సభకొచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపిన్రు. సచ్చింది 13 మందని సర్కారు లెక్క. జనం లెక్క అంతకన్న మస్తు ఎక్కువ. సభకు అనుమతి లేదని దూరం గూడాల నుంచి నడిచొచ్చినోళ్ళకు ఎవలు చెప్పిన్రు, ఏ భాషల చెప్పిన్రు? ఈ ప్రశ్న నన్ను ఇడువదు.

నీ ఆఫీసు సంగతికి వస్తె, అమెరికాల ఎడ్వర్డ్ హాల్ అనేటాయన 1930లల నవాహో, హోపీ జనం నడుమ సర్కారు పనులు చేయిస్తుండె. కొందరి భావం మొత్తం నోటి మాటలనే ఉంటది, కొందరిది చుట్టుపక్కల మనుషులల, మౌనంల ఉంటదని తర్వాత రాసిండు. నీ జర్మనోళ్ళు మొదటి రకం. పని బాగలేదంటె పని సంగతే, నీ పుట్టుక సంగతి కాదు. మనసుల పెట్టుకోకు.

అయితె నీకూ నాకూ ఒక ఫరకున్నది. నువ్వు జీతం కోసం కోరి పోయినవ్, వాళ్ళ పద్ధతి నేర్చుకునుడు నీ పని. ఇక్కడ మేమే వాళ్ళ ఇంటికొచ్చి కుర్చీలేసుకున్నం, నేర్చుకునుడు మా పని. మన ఊరోళ్ళు దుబాయ్ పోతె కడుపు కోసం ఏడాది తిరగకముందే హిందీ, అరబ్బీ మాట్లాడుతరు. అదే మనోడు ఏజెన్సీల సర్వీసంత చేసి రిటైరైనా, గోండీల నీళ్ళడుగ రాదు. తెలివి లేక కాదు, అవసరం లేదనుకున్నడు.

సెలవు పెడితె పుష్య అమావాస్యకు పెట్టు. మెస్రంలు గోదావరి నీళ్ళు నడిచి తెస్తరు, ఆ రాత్రే పూజ. దర్బారు నాడు మనం జనంల కూసుందాం. వచ్చేముందు నాలుగు గోండీ మాటలన్న నేర్చుకొని రా, ఫోన్ల నేను చెప్త.

నీ దోస్తు