పిస్తోలుకూ ఉంటాడొక దర్జీ!

కొత్త చెప్పులు కరిస్తే నాలుగు రోజులు ఓర్చుకుంటాం. జాకెట్టు బిగుతైతే దర్జీ దగ్గరికి పంపిస్తాం. కళ్లజోడు ముక్కు మీద నిలవకపోతే షాపువాడే అటూ ఇటూ వంచి సరిచేసిస్తాడు. మరి పిస్తోలు చేతికి సరిపోకపోతే?

నవ్వకండి. ఈ ప్రశ్న నన్ను అడిగింది మా మేనమామ. ఆయనది హుజూర్‌నగర్. వడ్ల వ్యాపారం, చిన్న రైస్‌మిల్లు. సీజన్లో రైతులకూ హమాలీలకూ ఇవ్వాల్సిన నగదు పట్టుకుని రాత్రిళ్లు తిరిగే రోజుల్లో తీసుకున్న లైసెన్సు ఆయనది. దాని మీద కొన్నది సర్కారు ఫ్యాక్టరీలో తయారైన .32 పిస్తోలు... ‘అశని’. అంటే పిడుగు! పేరు అంత ఘనంగా ఉంది కానీ వస్తువు మాత్రం చిన్నది. చిక్కంతా అక్కడే. మామయ్యవి బస్తాలెత్తి పెరిగిన చేతులు.

“నా చెయ్యి గింత, దాని పిడి గంత. చిటికెనేలు పెట్టనీకి జాగ లేదు. పేలిస్తే పైన రేకు ఎనక్కొచ్చి బొటనేలు పక్క తోలు గీస్తది. పట్నంల మంచి పనోడెవడున్నడో జెర చూడరాదె బిడ్డా... పేపర్ల పన్జేస్తవ్ గద!” అని ఫోను.

చేయించాల్సిన పనుల చిట్టా కూడా ఆయన దగ్గర సిద్ధంగా ఉంది. పిడి మార్చాలి. గురి చూసే ముక్క మీద మసక వెలుతుర్లోనూ కనిపించేలా తెల్ల చుక్క పెట్టించాలి. రంగు పోయిన చోట మళ్లీ నలుపెక్కించాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ట్రిగ్గర్ బాగా గట్టిగా ఉంది, ‘మెత్తగా’ చేయించాలి.

కుట్టుమిషన్ రిపేరైనంత తేలిక కాదు ఈ పని. ఆయుధాల చట్టం-1959 ప్రకారం తుపాకీ ఉంచుకోవడానికి ఎలా లైసెన్సు కావాలో, దాన్ని బాగుచేయడానికీ అలాగే కావాలి. గొట్టం పొట్టిగా కోయడానికైతే మరీ కట్టుదిట్టమైన నిషేధం. 2019లో చట్టాన్ని సవరించారు. ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించారు. లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచారు. లైసెన్సు లేకుండా తయారుచేసినా, మరమ్మతు చేసినా పడే శిక్షను ఏడేళ్లకు తగ్గని జైలుగా మార్చారు. “మన లేత్ మిషనోడు ఏదైనా చేస్తడు” అని ఊళ్లో ఎవరో సలహా ఇచ్చారట. ఆ లేత్ మనిషి పనితనం మీద నాకు అనుమానం లేదు. కానీ ట్రాక్టరు బుష్ అరిగితే ట్రాక్టరు ఆగుతుంది. ఇది అలా ఆగే రకం కాదు.

హైదరాబాద్‌కు ఈ విద్య కొత్తదేమీ కాదు. అబిడ్స్ వెళ్తూ ‘గన్‌ఫౌండ్రీ’ అని సిటీబస్సు కండక్టరు అరిస్తే దిగేవాళ్లలో ఎంతమందికి ఆ పేరెందుకొచ్చిందో తెలుసు? పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం కోసం ఫిరంగులు పోతపోయించిన చోటది. ఉర్దూలో ‘తోప్ కా సాంచా’. ఆ మూసలు చల్లారి చాలాకాలమైంది. ఇప్పుడు నగరంలో లైసెన్సున్న ఆయుధాల దుకాణాలు కొన్నే. వాటిలో చేత్తో పని చేసేవాళ్లు ఇంకా తక్కువ.

మొదట వెళ్లిన దుకాణం పేరు చెప్పను. అద్దాల షోకేసు, చల్లటి ఏసీ. కౌంటరు దగ్గరున్న యువకుడు మామయ్య చిట్టా విని అన్నిటికీ తలూపాడు. పిడా, అవుతుంది. నలుపా, అవుతుంది. ట్రిగ్గరా, “ముట్టుకుంటే పేలేలా చేసిద్దాం సార్.” సాయంత్రానికల్లా! లైసెన్సు పుస్తకం మామయ్య జేబులోంచి బయటికి తీస్తే “అది తర్వాత చూద్దాం” అన్నాడు. మామయ్య మొహం వెలిగిపోయింది. నాకు మాత్రం ఆ ‘తర్వాత చూద్దాం’ దగ్గరే మనసు ఆగిపోయింది. పిస్తోలు ఇవ్వకుండానే ఆయన్ని బయటికి లాక్కొచ్చాను. “నువ్వు ప్రతిదానికీ శంకిస్తవ్” అని దారి పొడుగునా సాధించాడు.

రెండోది దుకాణమనడానికి లేదు. ఓ పాత దుకాణం వెనక చిన్న గది. బెంచీ, శాణం, బిగించే పట్టకాలు, ఆకురాళ్లు, గోడకు తగిలించిన లైసెన్సు కాగితం. డెబ్భై దగ్గర్లో ఉన్న పెద్దాయన. మామయ్య పిస్తోలు బయటికి తీయబోతే చెయ్యెత్తి ఆపాడు.

“పహలే కితాబ్, సాబ్.”

లైసెన్సు పుస్తకం తెరిచి పిస్తోలు మీది నంబరుతో ఒక్కో అంకె సరిచూశాడు. లావుపాటి రిజిస్టరులో పేరు, ఊరు, నంబరు, తేదీ రాసి సంతకం పెట్టించుకున్నాడు. ఆ తర్వాతే ఆయుధాన్ని చేతిలోకి తీసుకున్నాడు. మ్యాగజైన్ తీశాడు. స్లయిడ్ వెనక్కి లాగి లోపలికి తొంగిచూశాడు. అంతటితో ఊరుకోక గొట్టం వెనక భాగంలో చిటికెన వేలు పెట్టి తడిమాడు. “కళ్లు అబద్ధం చెప్తయి. వేలు చెప్పదు” అన్నాడు. మామయ్య ఇంటి దగ్గరే ఖాళీ చేసి, తూటాలు వేరే సంచిలో వేసుకొచ్చాడు. అయినా సరే.

ఆ తర్వాత చిట్టా విప్పితే ఆయన ఒక్కొక్కటీ కొట్టేయడం మొదలుపెట్టాడు. నలుపెక్కించే పనిలో ముందు లోహాన్ని రుద్దాలి. రుద్దితే ఫ్యాక్టరీ ముద్ర, నంబరు అరిగిపోవచ్చు. నంబరు లేని ఆయుధం దగ్గరుంచుకోవడమే నేరం. కాబట్టి నంబరు లేని వైపు మాత్రమే, అదీ కొంచెం. తోలు గీసుకుంటోందా? దానికి ఆకురాయి అక్కర్లేదు. మామయ్య చెయ్యి పట్టుకుని, పిడిని ఎంత పైకి పట్టుకోవాలో, ఎక్కడ ఆగాలో చూపించాడు. అలవాటు మారాలి, పిస్తోలు కాదు. పిడికి రెండు పక్కలా ఉండే చెక్కలు మాత్రం కొత్తవి చేసిస్తానన్నాడు. అరచేయి నిండేంత లావుగా. మ్యాగజైన్ అడుగున చిటికెన వేలు ఆనేలా చిన్న అంచు. తెల్ల చుక్క సరే. ఓ తెల్ల కాగితం మీద మామయ్య అరచేయి పెట్టించి పెన్సిలుతో చుట్టూ గీసుకున్నాడు. బడిపిల్లల్లా! ఆ గీత చూశాక నాకాయన మీద గురి కుదిరింది.

ఇక ట్రిగ్గర్.

“నై హోతా” అన్నాడు.

మామయ్య బేరం మొదలుపెట్టాడు. కొంచెం మెత్తగా... డబ్బులెక్కువైనా పర్లేదు... పెద్దాయన తలెత్తకుండానే “ఇంట్లో పిల్లలున్నరా?” అనడిగాడు.

ఆ మాటకు మామయ్య గొంతులో తడారిపోవడం నేను చూశాను. ఎందుకో నాకు తెలుసు. ఆయన స్నేహితుడొకాయన పక్క పట్టణంలో కాంట్రాక్టరు. ఎవరి చేతో ట్రిగ్గర్ మెత్తగా చేయించుకున్నాడు. ఓ రాత్రి బీరువాలో పెట్టబోతూ మ్యాగజైన్ తీసేశాడు. ఖాళీ అయిపోయిందనుకున్నాడు. గొట్టంలో ఒక్కటి మిగిలి ఉంది. వేలు తగిలీ తగలకముందే పేలింది. తూటా మంచం కోట్లో దిగబడింది. మంచం మీద బోర్లా పడుకుని మనవరాలు హోంవర్కు రాసుకుంటోంది. పాపకేమీ కాలేదు. కానీ చాలాకాలం కుక్కర్ విజిలేసినా చెవులు మూసుకునేదట. ఆయన ఆ వారంలోనే ఆయుధం అప్పజెప్పి లైసెన్సు వదులుకున్నాడు.

ఆ కథ మామయ్యే మాకు చెప్పాడు. చెప్పిన మనిషే వచ్చి ట్రిగ్గర్ మెత్తగా కావాలంటున్నాడు! మనిషి మనసు అంతే మరి. ప్రమాదం ఎప్పుడూ పక్కింటిది.

నేను తర్వాత కొంత తెలుసుకున్నాను. పోటీల్లో షూటర్లు తమ చేతికి తగ్గట్టు చెక్కిన పిడులే వాడతారు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది గుర్తుందా? ఆ స్థాయిలోనూ ట్రిగ్గర్‌కు హద్దుంది. ఎయిర్ పిస్తోలుకు కనీసం 500 గ్రాములు, 25 మీటర్ల పిస్తోలుకు కనీసం 1000 గ్రాముల బరువు ఆపగలగాలి. బరువు కట్టి మరీ తూచి చూస్తారు. అంతకంటే మెత్తగా ఉంటే ఆడనివ్వరు. అదీ రేంజిలో, అందరి తుపాకులూ ఒకేవైపు చూస్తున్నచోట. ఇంటి బీరువాకు ఆ కట్టుబాటేదీ?

హుజూర్‌నగర్‌లో తుపాకీ మాటకు ఇంకో బరువు కూడా ఉంది. రజాకార్ల కాలం, సాయుధ పోరాటం చూసిన తాలూకా అది. 1951లో పోరాటం విరమించాక కూడా చాలాకాలం మా అమ్మమ్మ ఇంట్లో ‘తుపాకి’ అన్నవాళ్లెవరూ లేరు. ‘అది’ అనేవాళ్లు. ఒడిసెల, బరిసె, బర్మారు... కమ్మరి కొలిమి దగ్గర రాత్రిపూట ఏవి బాగయ్యేవో ఆమెకు తెలిసే ఉంటుంది. అడిగితే నోటి మీద వేలేసుకునేది. ఆ ఇంట్లోంచే ఆమె కొడుకు ఇప్పుడు పిడి చెక్క రంగు గురించి గంటసేపు ఆలోచిస్తున్నాడు!

పెద్దాయన పనికి మూడు వారాలు పట్టింది. విప్పి చూస్తే లోపల తుప్పు. “ఎక్కడ పెట్టిన్రు దీన్ని?” అని కోప్పడ్డాడు. ఎక్కడేమిటి, పోలీస్‌స్టేషన్లో. ఎన్నికలొస్తే లైసెన్సు ఆయుధాలు అప్పజెప్పాలి కదా. మామయ్యకు 2018 డిసెంబరులో అసెంబ్లీ ఎన్నికలు, 2019 ఏప్రిల్లో లోక్‌సభ, అదే అక్టోబరు 21న హుజూర్‌నగర్ ఉప ఎన్నిక. ఏడాది తిరక్కుండా మూడుసార్లు! ఆ ఏడు దసరా కూడా ఎన్నికల కోడ్ మధ్యలోనే వచ్చింది. ఆయుధ పూజకు ఆయుధం లేదు. మామయ్య లైసెన్సు పుస్తకానికి బొట్టు పెట్టి అమ్మవారి ముందు ఉంచాడు. అత్తయ్య ఇప్పటికీ నవ్వుతుంది. ఆ తిరుగుళ్లలో గుడ్డలో చుట్టి ఇచ్చింది గుడ్డలోనే చెమ్మ పట్టింది. అప్పజెప్పేముందు పల్చగా నూనె పట్టించి, తోలు తొడుగులో కాకుండా పొడి గుడ్డలో పెట్టివ్వమనీ, తిరిగి తెచ్చుకున్న రోజే విప్పి తుడవమనీ పెద్దాయన రెండుసార్లు చెప్పాడు. తోలు చెమ్మ పట్టి ఉంచుతుందట.

చెక్కలు నిజంగానే అందంగా కుదిరాయి. రోజ్‌వుడ్, పక్కన సన్నటి గళ్ల చెక్కడం. మామయ్య పట్టుకుని చూసి మాట్లాడలేదు. బాగా నచ్చితే ఆయన అంతే. ట్రిగ్గర్ ఎంత గట్టిగా ఉండేదో అంతే ఉంది.

పెద్దాయన పక్కన పాతికేళ్ల కుర్రాడొకడు పని నేర్చుకుంటున్నాడు. మూడేళ్లయిందట వచ్చి. తుడుస్తాడు, నూనె పెడతాడు, చెక్క చెక్కుతాడు. మామయ్య చెక్కలు సగం అతను చేసినవే. ట్రిగ్గర్ దగ్గరి చిన్న భాగాలు మాత్రం ముట్టుకోనివ్వలేదు ఇప్పటిదాకా. “ఎప్పుడు నేర్పిస్తారు?” అని నేనడిగితే కుర్రాడే అందుకున్నాడు.

“వద్దనడం వచ్చినంక నేర్పిస్తమన్నరు మేడమ్.”