ఆస్టిన్‌లో కరెంటు టూర్

ఆస్టిన్ వెళ్లినవాళ్లు మామూలుగా ఏం చూస్తారు? సాయంత్రం కాగానే కాంగ్రెస్ అవెన్యూ బ్రిడ్జి కింద నుంచి గుంపులుగా లేచే గబ్బిలాలు, టెక్సస్ అసెంబ్లీ భవనం, వీధికొకటి చొప్పున లైవ్ మ్యూజిక్. అవన్నీ నేనూ చూశాను. బాగున్నాయి. కానీ ఆ ఊళ్లో నన్ను పట్టుకుని వదలనిది మాత్రం కరెంటు.

నవ్వకండి. అక్క వాళ్లింటి బిల్లు చూస్తే మీక్కూడా డౌటొస్తుంది. కరెంటు, నీళ్లు, చెత్త... అన్నీ కలిపి ఒకటే బిల్లు. పైన నగరం పేరు. అంటే అక్కడ కరెంటు అమ్మేది మున్సిపాలిటీయే!

టెక్సస్‌లో చాలాచోట్ల మనం సిమ్ మార్చినంత ఈజీగా కరెంటు కంపెనీని మార్చేయొచ్చు. ఆస్టిన్‌లో అలా కుదరదు. ఉన్నది ఒక్కటే, ఆస్టిన్ ఎనర్జీ. దాని ఓనరు ఊరే. మేయరు, పదిమంది కౌన్సిల్ సభ్యులు కలిసి దాన్ని నడుపుతారు. వచ్చిన డబ్బులో ఏటా 10 కోట్ల డాలర్లకు పైగా నగర ఖజానాకి వెళ్తుంది. పార్కులకీ, లైబ్రరీలకీ, ఫైర్ స్టేషన్లకీ అందులోంచే ఖర్చు పెడతారు.

మన రెండు రాష్ట్రాల్లో డిస్కంలు రాష్ట్ర ప్రభుత్వాలవి కాబట్టి ఇది కొత్తగా అనిపిస్తుంది గానీ, ఇండియాలోనూ ఇలాంటివి లేకపోలేదు. ముంబైలో బెస్ట్, కేరళలో త్రిస్సూర్ కార్పొరేషన్ ఆ కోవలోవే.

ఈ ఊరు ఒక మాటిచ్చింది. 2035 కల్లా కార్బన్ వదలని కరెంటే వాడతాం అని. ఊరే ఓనరు కదా, తలుచుకుంటే ఎంతసేపు? సరే, చూద్దామని బయల్దేరాను. కారు బావది, వెటకారం కూడా బావదే. “థర్మల్ ప్లాంటు చూడ్డానికి అమెరికా దాకా వచ్చినోడివి నువ్వొక్కడివేరా!”

వెన్నెల కాసే టవర్లు

మొదటి స్టాపు జిల్కర్ పార్కు. అక్కడో సన్నని ఇనుప టవరు ఉంది. ఎత్తు 165 అడుగులు, కొసన గుండ్రంగా దీపాలు. దీన్ని మూన్‌లైట్ టవర్ అంటారు. 1895లో ఊరంతా ఇలాంటివి 31 నిలబెట్టారు. వీధివీధికీ లైట్లు పెట్టే బదులు పైనుంచి వెన్నెల కాసినట్టు వెలుగు పోయడం అప్పటి ఐడియా. వేరే ఊళ్లలో ఇవి ఎప్పుడో మాయమైపోయాయి. ఇక్కడ కొన్ని ఇప్పటికీ వెలుగుతున్నాయి. క్రిస్మస్ రోజుల్లో ఈ జిల్కర్ టవరు చుట్టూ దీపాల తీగలు కట్టి పెద్ద చెట్టులా అలంకరిస్తారు.

అసలు విషయం ఏంటంటే, ఆ దీపాలకి కరెంటు నీటి నుంచి వచ్చింది. కొలరాడో నది మీద ఊరే డ్యామ్ కట్టుకుంది. (గ్రాండ్ కాన్యన్ దగ్గర పారే కొలరాడో కాదు, ఇది టెక్సస్‌లోనే పుట్టి టెక్సస్‌లోనే సముద్రంలో కలిసే నది.) అంటే ఈ ఊరు బొగ్గుతో కాదు, నీళ్లతోనే మొదలుపెట్టింది. 1900 ఏప్రిల్ 7న వరదొచ్చి ఆ డ్యామ్‌ని పగలగొట్టింది. ఊరు మళ్లీ చీకట్లోకి వెళ్లింది. అదే చోట 1940లో టామ్ మిల్లర్ డ్యామ్ లేచింది. ఇప్పుడు చూస్తే చుట్టూ చెట్లు, పడవలు, సెల్ఫీలు.

ఒక ప్లాంటు షోరూమ్ అయింది, ఒకటి మానని గాయం

డౌన్‌టౌన్‌లో సీహోమ్ అనే పాత పవర్ ప్లాంటు ఉంది. 1950ల నాటిది. పొగగొట్టాలు అలాగే ఉంచి లోపల ఆఫీసులు పెట్టారు, చుట్టూ ఫ్లాట్లు, షాపులు కట్టారు. పక్కనే 2017లో తెరిచిన సెంట్రల్ లైబ్రరీ. కాఫీ తాగుతూ ఒకప్పటి టర్బైన్ హాలుని చూడొచ్చు. ఇన్‌స్టాలో పెట్టుకోడానికి మంచి స్పాట్.

అదే నది ఒడ్డున తూర్పుకి వెళ్తే హోలీ వీధి వస్తుంది. అక్కడి ప్లాంటు 1960లో మొదలైంది. చుట్టూ ఎక్కువగా మెక్సికన్ మూలాలున్న కుటుంబాల ఇళ్లు. ఇళ్ల పక్కనే రాత్రీపగలూ మోత, ఆయిల్ లీకులు, అగ్నిప్రమాదాలు. మూసేయండని అక్కడివాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే 2007లో ఆగింది. ఇప్పుడు యంత్రాలు తీసేశారు. నడక దారి పక్కన గోడ మీద బొమ్మలున్నాయి.

ఆ రెండు చోట్లకీ మధ్య దూరం కొద్ది మైళ్లే. కరెంటు ఊరందరికీ వెళ్లింది. మోత మాత్రం కొందరికే వినిపించింది. ఓనరు ఊరే అయినా అన్ని వీధుల మాటకీ ఒకే విలువ ఉండదని ఆ గోడ దగ్గర నిలబడితే తెలుస్తుంది.

ఉమ్మడి బావి

మర్నాడు పొద్దున్నే హైవే 71 ఎక్కాం. గంటకు పైగా డ్రైవ్. మార్చి నెలాఖరు కాబట్టి రోడ్డు పక్కన నీలంగా బ్లూబానెట్ పూలు. లా గ్రేంజ్ దాటాక చెట్ల మీదుగా పొగగొట్టాలు కనిపించాయి. అదే ఫాయెట్ పవర్ ప్రాజెక్టు. బొగ్గు ఎక్కడో వ్యోమింగ్ నుంచి రైల్లో వస్తుంది. ప్లాంటుని చల్లబరచడానికి తవ్విన చెరువులో జనం తాపీగా చేపలు పడుతున్నారు.

ఇక్కడ యూనిట్లు మూడు. మొదటి రెండింట్లో సగం వాటా ఆస్టిన్‌ది, దాదాపు 600 మెగావాట్లు. మిగతా సగం, మూడో యూనిట్ మొత్తం ఎల్‌సీఆర్‌ఏ అనే నదీ సంస్థవి. ఆ సంస్థ ఆస్టిన్ నగరానిది కాదు, టెక్సస్ రాష్ట్రం ఏర్పాటు చేసింది.

2020 మార్చిలో ఆస్టిన్ కౌన్సిల్ ఓ ప్లాన్ పాస్ చేసింది. 2030కల్లా 93 శాతం, 2035కల్లా 100 శాతం కార్బన్ లేని కరెంటు. ఫాయెట్‌లో తన వాటా 2022 చివరికల్లా ఆపేయాలి. ఓటు పడింది, చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత 2021 నవంబరులో ఆస్టిన్ ఎనర్జీ చెప్పిందేంటంటే, పార్ట్‌నర్‌తో ఒప్పందం కుదరలేదు, అనుకున్న టైముకి బయటికి రాలేం అని.

మనకిది కొత్త కాదు. అన్నదమ్ముల ఉమ్మడి బావి లాంటిదే. ఒకడు పూడ్చేద్దామంటాడు, రెండోవాడు నా పొలానికి ఇదే దిక్కంటాడు. సగం బావిని పూడ్చడం ఎవరివల్ల అవుతుంది? 1970ల్లో ఖర్చు పంచుకుంటే చాలనుకుని చేసిన సంతకం, యాభై ఏళ్ల తర్వాత కాళ్లకి అడ్డం పడింది. నేను వెళ్లేసరికి గొట్టంలోంచి పొగ వస్తూనే ఉంది.

గాలి అక్కడ, ఏసీ ఇక్కడ

“పోనీ గాలి కరెంటు కొనుక్కోవచ్చుగా బావా?” అన్నాను తిరుగు దారిలో.

“కొంటున్నారురా. అది ఇక్కడిదాకా రావద్దూ?” అన్నాడు.

నిజమే. ఆస్టిన్ ఎప్పటినుంచో కొంటోంది. ‘గ్రీన్ చాయిస్’ పేరుతో కస్టమర్లకి పవన విద్యుత్తు ఇవ్వడం 2000లోనే మొదలుపెట్టింది. ఊరికి తూర్పున వెబర్‌విల్‌లో 30 మెగావాట్ల సోలార్ ఉంది. సౌత్ టెక్సస్ అణు ప్లాంటులో 16 శాతం వాటా ఉంది. కార్బన్ లేని కరెంటు లెక్కలో దానిది పెద్ద చేయి.

చిక్కు తీగల దగ్గరుంది. గాలి ఎక్కువగా వీచేది పశ్చిమ టెక్సస్‌లో. ఏసీలు తిరిగేది ఆస్టిన్‌లో. ఆస్టిన్ తన ప్లాంట్ల కరెంటుని రాష్ట్ర గ్రిడ్ మార్కెట్లో అమ్ముతుంది, ఊరికి కావాల్సింది అక్కడే కొంటుంది. మధ్యలో లైన్లు నిండిపోతే గాలిమరల దగ్గర రేటు పడిపోతుంది, ఊరి దగ్గర పెరుగుతుంది. సంక్రాంతికి ఊరెళ్లే హైవే జామ్ అయినట్టే. బండి ఉంది, పెట్రోలు ఉంది, టోల్‌గేటు దగ్గర కదలదు. దగ్గర్లో ఉన్న ప్లాంటుని మూసేస్తే ఆ ఖరీదైన కరెంటే ఇంకా ఎక్కువ కొనాలి. ఆ భారం చివరికి అక్క వాళ్ల బిల్లులోకే వస్తుంది. అద్దె ఇంట్లో ఉంటూ సోలార్ పెట్టుకోలేనివాళ్ల బిల్లులోకి కూడా.

దీనికి తోడు 2021 ఫిబ్రవరి మంచు తుపాను భయం. టెక్సస్ అంతటా 45 లక్షలకు పైగా ఇళ్లకి కరెంటు పోయింది. రాష్ట్రం లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. అప్పుడు గ్యాసు బావులూ గడ్డకట్టాయి, బొగ్గు ప్లాంట్లూ ఆగాయి, గాలిమరలూ ఆగాయి. ఎవరికి కావాల్సిన పాఠం వాళ్లు తీసుకున్నారు.

అందుకే 2024 డిసెంబరులో పాసైన కొత్త ప్లాన్ మీద అంత గొడవ. 2035 లక్ష్యం మారలేదు. బ్యాటరీలు, ఊళ్లోనే సోలార్, పీక్ టైమ్‌లో వాడకం తగ్గించడం అన్నీ ఉన్నాయి. కానీ అవసరమైతే కొత్త గ్యాస్ యూనిట్లు పెట్టే దారి కూడా పూర్తిగా మూయలేదు. పర్యావరణం వాళ్లకి కోపం. కరెంటు పోతే ఎవరిది పూచీ అని అవతలివాళ్లు.

అడిగే హక్కు

నదికి దగ్గర్లోనే సిటీ హాలు ఉంది. సున్నపురాయి, రాగిరేకుల భవనం, ముందు సోలార్ పలకల పందిరి. కౌన్సిల్ మీటింగుల్లో మామూలు జనం కూడా లేచి కొన్ని నిమిషాలు మాట్లాడొచ్చు. ‘ఫాయెట్ ఎప్పుడు ఆపుతారు?’ అని అక్కడ ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. ఊరు ఓనరైనంత మాత్రాన బొగ్గు ఆగలేదు, అది కళ్లారా చూశాను. కానీ మాట తప్పినప్పుడు ఎవరిని నిలదీయాలో అక్కడ అందరికీ తెలుసు. వాళ్ల పేర్లు బ్యాలెట్ మీద ఉంటాయి.

మన దగ్గర అలా లేదనకండి. తెలంగాణలో, ఆంధ్రలో ఛార్జీలు ఖరారు చేసే ముందు విద్యుత్ నియంత్రణ మండళ్లు బహిరంగ విచారణలు పెడతాయి. ఏ ప్లాంటు నుంచి కరెంటు కొంటున్నారు, ఎంతకి కొంటున్నారు అని అక్కడ ఎవరైనా అడగొచ్చు. దానికి ఆస్టిన్ దాకా టికెట్ అక్కర్లేదు.

“ఇంకేం చూస్తావురా, ట్రాన్స్‌ఫార్మర్లా?” అన్నాడు బావ. ఆ సాయంత్రం అక్క నెలబిల్లు కట్టేస్తుంటే పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్లలో వీళ్లు ఒక్కసారైనా కౌన్సిల్ మీటింగుకి వెళ్లారా అని అడిగాను. లేదంది. “నెక్స్‌ట్ ఎప్పుడుంటుందో చూడు మరి” అంటూ ఫోన్ నా చేతికిచ్చింది.