వినోదవనమున పసిపిల్లల విందు

పిల్లలతో ప్రయాణమునకు బయలుదేరు తల్లి బట్టలు, మందులు, బొమ్మలు మరువక సర్దుకొనును గాని, పిల్లలెక్కడ కూర్చుండి యేమి తిందురను సంగతిని మాత్రము దారిలో చూచుకొందమని విడిచిపెట్టును. తీర్థములకు పోయినను, తిరునాళ్లకు పోయినను మన యిండ్లలో నిదియే వాడుక. పులిహోరయు, దధ్యోదనమును మూటగట్టుకొని పోవునపుడు దానివలన నష్టమేమియు లేకుండెను. ఇప్పుడు మన బిడ్డలు సముద్రములు దాటి కాపురములు చేయుచున్నారు. మనుమలను చూడబోయిన మనము వారివెంట వినోదవనములకును పోవుచున్నాము. అచ్చట భోజనము సైతము వేడుకలలో నొకటి. ఏ వేడుక యే వయసు బిడ్డకు తగునో ముందుగా విచారింపనిచో ధనమును పోవును, బిడ్డయు నేడ్చును.

నేను అమెరికాలో మా అమ్మాయి యింట ఆరు నెలలుంటిని. ఆమెకును మా అల్లునికిని ఒక్కసారిగా సెలవు దొరకినది ఏడు దినములు మాత్రమే. అందు ఐదు దినములు ఫ్లోరిడా రాష్ట్రమున ఓర్లాండో నగరము చెంతనున్న వాల్ట్ డిస్నీ వరల్డులో గడుప నిశ్చయించిరి. 1971వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన తెరవబడిన యీ వినోదనగరి సుమారు 40 చదరపు మైళ్ల విస్తీర్ణము గలది. అందు నాలుగు పెద్ద వనములును, వసతిగృహములును, అంగళ్లును, లెక్కకు మిక్కిలిగ భోజనశాలలును కలవు. వీనిలో పెక్కు, బల్లలు కుర్చీలు వేసి వడ్డించునవి మాత్రమే కావు. ఒకటి కథలోని కోట, ఒకటి కీకారణ్యము, ఒకటి తాతలనాటి వంటయిల్లు. వీనిని థీమ్ రెస్టారెంట్లందురు. ఒక కథలోనికో, ఒక కాలములోనికో మనలను గొనిపోయి, అందు కూర్చుండబెట్టి వడ్డించుట వాని పద్ధతి.

మా మనుమరాలి కారేండ్లు. మనుమనికి మూడు నిండి నాలుగు నెలలు. ఈ నాలుగు నెలలే మా అల్లుని మనస్సున గ్రుచ్చుకొనినవి. ఏలయన మూడేండ్లు నిండని పసివానికి వనములో ప్రవేశపు టిక్కెట్టు లేదు. తలకింతయని వెలగట్టు విందులలోను వానికి వెల లేదు. మూడు మొదలు తొమ్మిది వరకు పిల్లల వెల, పది నిండిన పెద్దల వెల. మా వాడు నాలుగు ముద్దలు తిని లేచునట్టివాడు. "అత్తయ్యగారూ, వీడు తినే ఒక్కొక్క ముద్ద ఎంత పడుతుందో లెక్కవేశాను, చెప్పమంటారా?" అని మా అల్లుడు నవ్వుచు నడిగెను. వద్దంటిని.

పేరుగల శాలలలో 60 దినములు ముందుగనే చోటు కుదుర్చుకొనవచ్చును. ఆనాటి కానాడు పోయి నిలుచున్న దొరకుట కష్టము. అందుచేత రెండు నెలల ముందు ఒక ఆదివారము రాత్రి, పిల్లలు నిద్రించిన పిమ్మట, మేము మువ్వురమును వంటింటి బల్ల చుట్టును చేరి యాలోచింప మొదలిడితిమి. అక్కడనే చిక్కు వచ్చినది.

మా అమ్మాయి కోరిక యొక్కటే: సిండరెల్లా కోటలో భోజనము. మేజిక్ కింగ్‌డమ్ అను వనము నడుమ 189 అడుగుల యెత్తున, నీలి గోపురములతో నిలిచిన కోట యది. దానిలోపల సిండరెల్లాస్ రాయల్ టేబుల్ అను విందుశాల కలదు. రంగుటద్దముల కిటికీల చెంత కూర్చుండి భుజించుచుండగా రాచకన్యల వేషములు ధరించిన యువతులు బల్లకడకు వచ్చి పిల్లలను పలుకరింతురు. ఆ నగరిలో మిక్కిలి ఖరీదైన విందులలో నిది యొకటి. "పిల్ల జన్మంతా గుర్తుపెట్టుకుంటుందమ్మా" అని మా అమ్మాయి. "ఐదుగురికి ఆ డబ్బు పెడితే..." అని అల్లుడు మాటను సగములో నాపెను.

నేను లోపల నిద్రించుచున్న మనుమరాలిని తలచుకొంటిని. దానికి రాచకన్యల యెడ ఇష్టమును లేదు, అయిష్టమును లేదు. దాని ప్రాణమంతయు జంతువులమీదనే. పెరటిలోని ఉడుతలకు పేర్లు పెట్టి పిలుచునట్టిది. సిండరెల్లా పిచ్చి యెవరిదో నేనెరుగుదును. ముప్పదియేండ్ల క్రిందట మా అన్నయ్య మద్రాసునుండి తెచ్చియిచ్చిన బొమ్మల పుస్తకమును, అంచులు చిరిగి, అట్ట యూడిపోవువరకు, దిండుక్రింద బెట్టుకొని పడుకొనినది మా అమ్మాయియే. ఆ మాటయే అంటిని. ఆమె కొంతసేపు మాటాడలేదు. "అయితే మానేద్దాంలే" అని లేచి, అప్పటికే కడిగియున్న గిన్నెలను మరల కడుగ నారంభించెను.

నేను చెప్పదలచినది మానుమని కాదు. తల్లి కోరికయు కోరికయే. దానిని బిడ్డ పేరుమీద తీర్చుకొననక్కరలేదు. దినమంతయు కొలువు, సాయంకాలము వంట, రాత్రి పిల్లల చదువు, ఇట్లు సంవత్సరములు గడపిన యువతికి ఒక్క పూట తన చిన్ననాటి కోటలో కూర్చుండు నధికారము లేదా? కోటకు తల్లియు మనుమరాలును ఇద్దరే పోవలయుననియు, ఆ వేళకు పసివాడు నాకడ వసతిగదిలో నిద్రించుననియు చెప్పితిని. ఐదుగురి వెల ఇద్దరి వెలయయ్యెను. ఆ సొమ్ము నేనిచ్చెదనంటిని గాని మా అల్లుడు వినలేదు.

ఇక మిగిలినవి పిల్లల పూటలు. వీనికి మేము పెట్టుకొనిన కొలత చిన్నది. ఆ శాలలో బిడ్డ చేయుటకేమున్నది, చూచుటకేమున్నది, భయపడుటకేమున్నది? వంటకముల జాబితాను కడపట చూచితిమి. ఈడు చిన్నదైనకొలది మూడవ ప్రశ్నయే మొదటి ప్రశ్న యగును. మా మనుమడు మిక్సీ చప్పుడునకే చెవులు మూసికొనును. వారి యూరిలో నొక పుట్టినరోజు వేడుకకు ఎలుగుబంటి వేషముతో నెవరో రాగా, రెండు దినములు స్నానపుగదికి ఒంటరిగ పోలేదు. అట్టివానిని ఉరుముల నడుమ గూర్చుండబెట్టుట తగదు. ఎనిమల్ కింగ్‌డమ్ వాకిట రెయిన్‌ఫారెస్ట్ కఫే అను శాల కలదు. లోపల చెట్లు, తీగలు, కదలు గొరిల్లా బొమ్మలు. నడుమనడుమ దీపములు తగ్గి, మెరుపులు మెరసి, ఉరుములు వినవచ్చును. మనుమరాలికి పండుగయే. మనుమని దలచి దానిని కొట్టివేసితిమి.

2012లో తెరవబడిన బీ అవర్ గెస్ట్ అను శాల మిక్కిలి యందమైనది. శాపవశమున మృగరూపము దాల్చిన రాజకుమారుని కోట యది. అందు మూడు గదులు. పెద్ద నాట్యశాలలో కిటికీల వెలుపల మంచు కురియుచున్నట్లు చూపుదురు. వేరొక గది చీకటిది. చినిగిన తెరలు, మెరుపులు, గాజుబుడ్డి క్రింద రేకులు రాల్చు గులాబి. వెలుగుగల గది కావలయునని యడుగవచ్చును గాని అదియే దొరకునను నిశ్చయము లేదు. పసివాడు పెద్దవాడైన పిమ్మట చూతమంటిమి. మరియొకటి 1991నాటి సై-ఫై డైన్-ఇన్ థియేటర్. అచ్చట పెక్కు బల్లలు పాతకాలపు మోటారుకార్ల యాకారమున నుండును. అందరును వరుసలుగ తెరవైపు చూచుచు కూర్చుండి, పాత చిత్రములలోని భూతములను, గ్రహాంతరవాసులను చూచుచు తినవలయును. పదేండ్ల మగపిల్లలకు దానిని మించినది లేదు. ముందు వరుసలో తల్లి, వెనుక వరుసలో మూడేండ్ల పిల్లవాడు, మీద చీకటి. ఇక ముద్ద పెట్టునదెవరు?

మొదటి దినమున ఎప్‌కాట్ వనములో గార్డెన్ గ్రిల్ అను శాలకు పోతిమి. ఆ శాలయే నెమ్మదిగా గుండ్రముగ తిరుగును. తిరుగుచున్నట్లు తెలియదు, నీరు త్రాగి తలయెత్తిచూచిన కిటికీలో వేరొక దృశ్యముండును. ఒకసారి అడవి, ఒకసారి ఎడారి, ఒకసారి పల్లెటూరి యిల్లు, క్రింద పడవలలో సాగిపోవు జనులు. ఆ భవనమునందే పెంచిన కూరగాయలు కొన్ని అక్కడి వంటలో వాడుదురట. పళ్లెము చేతబట్టుకొని వరుసలో నిలువ నక్కరలేదు. గిన్నెలు బల్లమీదికే వచ్చును. శాకాహారులమని ముందే తెలిపియుంటిమి గనుక మాకు వేరుగ తెచ్చిరి. చిప్, డేల్ అను చారల ఉడుతలును, రైతు దుస్తులలో మిక్కీ యను ఎలుకయును, ప్లూటో యను కుక్కయును బల్లబల్లకును వచ్చి పలుకరించును. ఇట్టి విందులలోనున్న లాభము తల్లులు గమనింపదగినది: వెలుపల నీ వేషధారులతో ఫోటో కొరకు ఎండలో చాలసేపు నిలువవలసిన శ్రమ తప్పును.

ఉడుతలను చూచి మనుమరాలు కుర్చీమీద నిలువలేదు. పసివాడు నా కొంగులో తల దూర్చుకొనెను. మా అమ్మాయి అది యెరిగియే, దూరమునుండి చేయి యూపిన చాలునని పరిచారికతో ముందే చెప్పియుండెను. ప్లూటో ఆరడుగుల దూరమున మోకాళ్లమీద కూర్చుండి, చేయి యూపి, వెడలిపోయెను. రెండవ మారు వచ్చునప్పటికి కొంగు చాటునుండి ఒక కన్ను కనబడినది. మూడవ మారు మా వాడు చూపుడువ్రేలు చాచి ఆ నల్లని ముక్కును తాకి, వెంటనే చేయి వెనుకకు తీసికొని, ఆ వ్రేలినే చూచుకొనుచు కూర్చుండెను. ఆనాడు నాలుగు ముద్దలు కాదు, పళ్లెమంతయు తినెను.

రెండవ దినము ఫిఫ్టీస్ ప్రైమ్ టైమ్ కఫే. ఇది హాలీవుడ్ స్టూడియోస్ అను వనములోనిది. 1950 ప్రాంతపు అమెరికా గృహిణి వంటయిల్లు అచ్చట కట్టియుంచిరి. ప్రక్కనే చిన్న నలుపుతెలుపుల టెలివిజను. వడ్డించువారు ఇంటి పెద్దవారివలె నటింతురు. మోచేతులు బల్లమీద ఆన్చిన గద్దింతురు. కూర మిగిల్చిన తినుమని తరుముదురు. ఆ శాల ప్రసిద్ధి మాంసపు వంటలకు. మాకు దొరకినవి కొద్దియే. ఐనను అంత నవ్విన పూట మరియొకటి లేదు. మా అల్లుడు చిక్కుడుకాయలు ప్రక్కకు నెట్టగా నామె నడుముపై చేతులుంచుకొని నిలుచుండి, కడపటి కాయ మ్రింగువరకు కదలలేదు. నాన్న తిట్లు తినుట చూచిన పసివాని యానందము వర్ణింప నలవి కాదు. మనుమరాలు నా చెవిలో, "అమ్మమ్మా, ఈవిడ మీ చుట్టమా?" అని యడిగెను.

మూడవ దినమున దొరకినచోట దొరకినది తింటిమి, చెప్పదగినది లేదు. వెలుపలి యాహారమును వనములలోనికి రానిత్తురను సంగతి మాత్రము చెప్పవలయును; గాజు పాత్రలు పనికిరావు. నేను ప్రతిదినము చిన్న డబ్బాలో పెరుగన్నము కలిపి తీసికొనిపోతిని. వేడుకశాలలో బిడ్డ తినకపోయినచో తల్లికి వచ్చు కోపము సగము ఆకలి భయమే. డబ్బా సంచిలో నున్నచో ఆ కోపము రాదు.

సనా యనునది ఎనిమల్ కింగ్‌డమ్ వసతిగృహములోనిది. 2009లో తెరచిరి. వనపు టిక్కెట్టు లేకయే పోవచ్చును. ఆఫ్రికా వంటకు మన దేశపు రుచులు కలిపి వండుదురు. నాను, కుల్చా మొదలగు రొట్టెలతో మామిడి, చింతపండు, కొత్తిమీర చట్నీలు, పెరుగుపచ్చడి మొదలగు తొమ్మిది రకములు చిన్న గిన్నెలలో వరుసగ పెట్టిరి. కిటికీ అద్దమునకు ఆవల పచ్చికబయలు, అందు జిరాఫీలు, చారల గుఱ్ఱములు. పొద్దుండగా పోవలయును, చీకటిపడిన జంతువులు కనబడవు. మనుమరాలు రొట్టె తుంచుట, చట్నీలో ముంచుట, కిటికీవైపు చూచుట, ఈ మూడు పనులను గంటసేపు చేసెను. ప్రతి చట్నీకి తెలుగుపేరు నాచేత చెప్పించుకొనెను. "చింతపండు" అనుట దానికి మొదట నోరు తిరుగలేదు.

కోట విందు కడపటి దినమున జరిగెను. నేను గదిలో పసివాని ప్రక్కన పడుకొనియుంటిని. తల్లికూతుళ్లు తిరిగివచ్చునప్పటికి నాలుగు గంటలు. మా అమ్మాయి మొగము కడుగుకొనుటకు లోనికి పోగానే మనుమరాలు నాయొద్దకు వచ్చి మెల్లగా చెప్పెను. "అమ్మ కిటికీలోంచి కిందకి చూస్తూ ఏడ్చింది అమ్మమ్మా. నేను నా నాప్కిన్ ఇచ్చాను. తరవాత నవ్వింది." రాచకన్యలు వచ్చిరా యని యడిగితిని. "వచ్చారు" అని, ఉడుతబొమ్మను తీసికొని ఆడుకొనబోయెను.

నేనింటికి వచ్చి నాలుగు నెలలైనది. ఆదివారములందు ఫోనులో పిల్లలు కనబడుదురు. మనుమరాలు చింతపండను మాటను తడబడక పలుకుచున్నది. మొన్న మాటలు ముగించి పెట్టివేయబోవు వేళకు పసివాడు పరుగున వచ్చి, చూపుడువ్రేలిని తెరకానించి, "అమ్మమ్మా, ముక్కు!" అనెను.