పెడల్ గట్టిపడేదాకా

వచ్చే వారం మా పాప పాత ట్రక్కు తీసుకుని కాలేజీకి వెళ్తుంది. బ్రేకు వేస్తే వెనక చక్రాలు కీచుమంటున్నాయని మావారు శనివారం ఇంటి ముందే పని పెట్టుకున్నారు. రోటర్లు బాగా అరిగిపోయాయి. మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి తుప్పు పట్టి, పార్కింగ్ బ్రేకు వదిలినా ఊడి రాలేదు. సుత్తి దెబ్బలు పడ్డాకే కదిలాయి.

కొత్తవి బిగించాక నన్ను సీట్లో కూర్చుని బ్రేకు తొక్కమన్నారు. పెడల్ కిందిదాకా దిగిపోయింది! నా గుండె జారింది.

"కంగారుపడకు. కొత్త ప్యాడ్లు పట్టడానికి పిస్టన్లు లోపలికి నెట్టాను కదా, ఇంకా తొక్కు" అన్నారు.

నాలుగైదు సార్లకి గట్టిపడింది. అలా తొక్కకుండా బండి కదిపితే మొదటి బ్రేకుకి ఆగదట.

పాపని పిలిచి అదే సీట్లో కూర్చోబెట్టాను. "బయల్దేరే ముందు ఒక్కసారి బ్రేకు తొక్కి చూసుకో, తల్లీ."

ఆవకాయ సీసాతో పాటు ఈ మాట కూడా కట్టి పంపుతున్నాను.