రెండో కప్పు

27 ఆగస్టు 2023, సాల్ట్ లేక్ సిటీ

పొద్దున అల్లం టీ పెట్టి రెండు కప్పుల్లో పోశాను. నా రూమ్మేట్ వద్దంది. ఏడాదిగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, టీ వద్దన్న రోజు లేదు. జ్వరమేమోనని నుదురు పట్టి చూశాను.

"అది కాదే. బాప్తిస్మం తీసుకుందామనుకుంటున్నా."

మోర్మన్ల దగ్గర. యూనివర్సిటీ పక్కనే ఉన్న వాళ్ల ఇన్‌స్టిట్యూట్‌కి వేసవి నుంచీ వెళ్తోందని తెలుసు. పాటల కోసం, నలుగురు మనుషుల కోసం అనుకున్నాను. టీ, కాఫీ, మద్యం, పొగాకు వాళ్లు ముట్టరు. 1833లో వాళ్ల సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ చేసిన ఉపదేశమట. మాట ఇవ్వకముందే అలవాటు చేసుకుంటోంది.

రెండు కప్పులూ చల్లారి మీగడ కట్టాయి.

29 ఆగస్టు

రాత్రంతా ఆలోచించి, అడగాల్సినవి అడిగేశాను. ఎవరైనా బలవంతపెట్టారా? లేదు. అబ్బాయెవరైనా ఉన్నాడా? "అమ్మ కూడా ఇదే అడుగుతుంది చూడు. ఎవరూ లేరు." ఒంటరితనమా? ఇక్కడ ఆగింది. కిటికీ వైపు చూసింది. "మొదట అదే. ఇప్పుడు అది కాదు."

ఈ జవాబు నమ్మాను. దాచాలనుకునే మనిషైతే ఆ మొదటి మాట ఒప్పుకోదు.

10 సెప్టెంబర్

ఇద్దరు మిషనరీ అమ్మాయిలు మా వంటింట్లో. నల్ల బ్యాడ్జి మీద సిస్టర్ అని, పక్కన ఇంటిపేరు. పద్దెనిమిది నెలలు చదువు పక్కనబెట్టి, సొంత ఖర్చుతో, ఎక్కడికి పంపితే అక్కడికి. పులిహోర పెడితే వేరుశెనగ గుళ్లు ఏరుకుని మరీ తిన్నారు.

వాళ్లు తిన్నాక అడిగాను. 1852లో అప్పటి అధ్యక్షుడు బ్రిగమ్ యంగ్ బయటపెట్టిన నిషేధం 1978 జూన్ దాకా ఉంది కదా? నల్లజాతి పురుషులకు యాజకత్వం ఇవ్వలేదు, నల్లవాళ్లను గుడిలోని ముఖ్యమైన క్రతువులకు రానివ్వలేదు. దీన్ని ఎలా మోస్తున్నారు?

చిన్నమ్మాయి ముఖం ఎర్రబడింది. "అవును. మా చరిత్రే. అది చదివినప్పుడల్లా ఏడుపొస్తుంది" అంది. మాట దాటెయ్యలేదు. నా రూమ్మేట్ అదంతా అప్పటికే చదివేసింది. ఒక్క మగాడికి నలుగురైదుగురు భార్యలుండే రోజుల గురించి, 1890లో అధ్యక్షుడు విల్ఫర్డ్ వుడ్రఫ్ చేసిన ప్రకటన గురించి కూడా చదివింది. అన్నీ తెలిసే వెళ్తోంది.

అయినా నాకు నిద్ర పట్టలేదు. నూట ఇరవై ఆరేళ్లంటే నాలుగు తరాలు. కులం చూసి గర్భగుడి తలుపు మూసిన దేశం నుంచి వచ్చినదాన్ని, ఆ తలుపు అవతల నిలబడ్డవాళ్లే గుర్తొస్తున్నారు. తన నిర్ణయానికి తోడుంటాను. ఈ సంగతి మాత్రం మరిచిపోను, తనను మరవనివ్వను.

11 సెప్టెంబర్

శొంఠి, మిరియాలు దంచి, పాలల్లో బెల్లం వేసి కాచాను. తను రెండు కప్పులు తాగింది.

17 సెప్టెంబర్

నాకు తెలిసినదీ తెలియనిదీ తనతో స్పష్టంగా చెప్పాను. బంగారు రేకుల మీద రాసిన గ్రంథం జోసెఫ్ స్మిత్‌కు దొరికిందని, దాన్నే తర్జుమా చేసి మోర్మన్ గ్రంథంగా 1830 మార్చిలో న్యూయార్క్ రాష్ట్రం పాల్మైరాలో అచ్చు వేయించాడని వాళ్ల విశ్వాసం. నా వల్ల కాదు. ఎంత ప్రయత్నించినా మనసు ఒప్పుకోవడం లేదు.

"నమ్మమనడం లేదే. రమ్మంటున్నా" అంది.

1 అక్టోబర్

వాళ్ల మహాసభ. ఇరవై ఒక్క వేలమంది కూర్చునే హాలు. నేను బయట తోటలో కూర్చుని వాళ్ల గుడిని చూశాను. 1853 నుంచి 1893 దాకా నలభై ఏళ్లు గ్రానైటు రాయితో కట్టారు. 2019 చివర మూశారు. భూకంపాన్ని తట్టుకునేలా కింద కొత్త పునాది వేస్తున్నారు. పని నడుస్తుండగానే 2020 మార్చిలో భూమి కంపించి, శిఖరం మీది దేవదూత చేతిలోని బాకా ఊడిపడింది. చుట్టూ క్రేన్లు, తడికెలు. అంత పెద్ద కట్టడాన్ని కూల్చకుండానే కింద పునాది మార్చడం ఇంజినీరుగా నాకు అద్భుతంగా ఉంది.

21 అక్టోబర్

దసరా పాట్‌లక్‌లో ఒకావిడ నన్ను పక్కకి పిలిచింది. "పక్కనే ఉండి నువ్వెలా చూస్తూ ఊరుకున్నావమ్మా?"

ఊరుకోలేదండీ, పక్కనే ఉన్నాను అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. గొంతు వణికి నేనూ సరిగ్గా చెప్పలేకపోయాను.

29 అక్టోబర్

తెలుగు మోర్మన్ గ్రంథం చదువుతోంది. మోర్మన్లు అనొద్దని, సంఘం పూర్తి పేరే వాడమని 2018లో అధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ కోరారట. తెలుగులో ఆ పేరు: యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. బయటకు చదివితే చిన్నప్పటి సువార్త కూటాల మైకు గొంతు వినిపించింది.

హైదరాబాదు కథ కూడా తనే చెప్పింది. సమోవాలో ఈ మతం తీసుకున్న ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చి సొంత బంధువుల్లో ఇరవై రెండు మందికి బాప్తిస్మం ఇప్పించారు. ఎల్సీ తండ్రి బాప్టిస్టు పాస్టరు. గ్రంథాన్ని తెలుగు చెయ్యడానికి పూనుకున్నది ఆయనే. 2012లో హైదరాబాదులో స్టేక్ ఏర్పడింది, దేశంలో అదే మొదటిది. స్టేక్ అంటే కొన్ని సంఘాలు కలిసిన మండలం అనుకోవచ్చు.

జూన్‌లో నిషేధం ఎత్తేశారు, డిసెంబరులో మనవాళ్ల దగ్గరికి వచ్చారు. ఒకే ఏడాది.

5 నవంబర్

ఉపవాస ఆదివారం. నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు తినకుండా, ఆ డబ్బు పేదలకిస్తారు. నేనూ తినలేదు. ఏకాదశి ఉపవాసాల ఇంట్లో పుట్టినదాన్ని, ఇది మాత్రం కష్టం కాదు. దశమభాగం దగ్గరే ఆగాను. తన స్టైపెండులో పదో వంతా? "ముందు అప్పు కట్టు" అన్నాను. "అప్పూ కడతా, ఇదీ ఇస్తా" అంది. వాళ్ల బిషప్‌కి జీతం లేదు, పగలు పళ్ల డాక్టరు. ఆ సంగతి తెలిశాక కొంత మెత్తబడ్డాను.

రాత్రి ఇంటికి ఫోన్ చేసి చెప్పింది. వాళ్ల నాన్న ఫోన్ ఆంటీ చేతికిచ్చి వెళ్లిపోయారు.

12 నవంబర్, దీపావళి

సౌత్ జోర్డాన్ గణేశుడి గుడికి ఇద్దరం వెళ్లాం. దణ్ణం పెట్టుకుంది. ఎందుకు పెట్టావని అడగలేదు.

తిరిగొచ్చాక ఆంటీ నాకు ఫోన్ చేశారు. "నువ్వైనా చెప్పమ్మా. దాని పెళ్లి మేం చూడొద్దా? వాళ్ల గుడిలోకి మమ్మల్ని రానివ్వరటగా?" గుడి క్రతువుకు ఆ మతంలో ఉండి అనుమతి పత్రం ఉన్నవాళ్లనే రానిస్తారన్నది నిజం. కానీ 2019 మే నుంచి, అమెరికాలో కూడా, ముందు అందరి ఎదుటా పెళ్లి చేసుకుని ఆపైన గుడికి వెళ్లొచ్చు, ఇదివరకట్లా ఏడాది ఆగక్కర్లేదు. అదే చెప్పాను. ఆవిడ కాసేపు ఊరుకున్నారు.

"మరి మా అత్తగారిని కూడా చచ్చాక అందులో కలిపేస్తుందా?"

ఈ సంగతి ఆవిడకు ఎవరు చెప్పారో. చనిపోయినవాళ్ల పేరుమీద బతికున్నవాళ్లు బాప్తిస్మం తీసుకుంటారు. అందుకే ఈ ఊళ్లో వంశవృక్షాలకు అంత పెద్ద గ్రంథాలయం. హరిద్వార్ పండాల వంశావళి పుస్తకాలను కూడా యూటా వాళ్లు ఫిల్ము తీయించుకున్నారు. గత నూట పది ఏళ్లలో పుట్టినవాళ్లకైతే దగ్గరి బంధువు ఒప్పుకోవాలన్నది నియమం. ఫోన్ తన చేతికిచ్చాను.

"అమ్మా, నాన్నని అడగనే అడగను. నాయనమ్మ జోలికి వెళ్లను. తద్దినం నాడు పప్పూ గారెలూ ఇక్కడే వండుకుంటాను."

ఇద్దరూ ఏడ్చారు. నేను బయటికెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. నాయనమ్మకు పిండం పెట్టే కొడుకూ, నాయనమ్మ పేరు వెతికే మనవరాలూ ఒకే మనిషిని వదల్లేక చేస్తున్నారని ఆంటీకి చెప్పాలనిపించింది. చెప్పే చనువు నాకు లేదు.

2 డిసెంబర్

పొద్దున్నే తలకు నూనె రాసి, జడ వేశాను. బయట మంచు.

చిన్న తొట్టి, గోరువెచ్చని నీళ్లు. తెల్ల బట్టల్లో తను పదేళ్ల పిల్లలా ఉంది. బాప్తిస్మం ఇచ్చే అబ్బాయి కుడిచెయ్యి ఎత్తి నాలుగు మాటలు పలికి నీళ్లలో ముంచాడు. ఇద్దరు సాక్షులు వంగి చూశారు. అందులో ఒకరు స్త్రీ. 2019 అక్టోబర్ నుంచి ఆడవాళ్లు కూడా సాక్షులుగా నిలబడొచ్చు. ఆవిడే తల అడ్డంగా ఊపింది. జడ కొస నీళ్ల మీద తేలింది. ఒంట్లో ఏ కాస్త పైకి తేలినా మళ్లీ ముంచాలి.

నేను వేసిన జడ! గుండె జారిపోయింది. తను మాత్రం ఇటు తిరిగి, జడ చేతికి చుట్టుకుని చూపించింది. రెండోసారి మొత్తం మునిగింది.

తువ్వాలు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డాను. పళ్లు కొట్టుకుంటూ వచ్చి నా భుజం మీద తల పెట్టింది. నా చీర తడిసింది.

గదిలో తల తుడుస్తుంటే నా ఫోన్ మోగింది. అక్కడ అర్ధరాత్రి దాటింది. ఆంటీ వాయిస్ మెసేజ్.

"అయిపోయిందా? తల బాగా తుడిచావా అమ్మా? దాని జుట్టు తొందరగా ఆరదు. తడితలతో బయటికి పంపకు."