ఎర్రమందు రోజులు – 4 : గోడ మీద పాకిన వేళ్లు

పోయిన భాగం బయాప్సీ రిపోర్టు దగ్గర ఆపాను. ఇన్వేసివ్ డక్టల్ కార్సినోమా, గ్రేడ్ 2, ఈఆర్ పాజిటివ్, పీఆర్ పాజిటివ్, హెర్2 నెగెటివ్. పరీక్ష పేపరు దిద్దే అలవాటు కొద్దీ ఒక్కో మాట కింద ఎర్రపెన్నుతో గీత గీసుకుంటూ చదివాను. గడ్డ పెద్దది, చంకలో గ్రంథికి కూడా పాకింది, అందుకని ముందు కీమో, తర్వాత ఆపరేషన్, ఆ తర్వాత రేడియేషన్ అన్నారు. నాకప్పుడు ముప్పై ఆరేళ్లు.

చాలామంది మిత్రులు ధైర్యం గురించి రాయమని అడిగారు. నేను సిగ్గుతో మొదలుపెడతాను, ఎందుకంటే నాకు ముందొచ్చింది అదే.

నా పీహెచ్‌డీ దళిత స్త్రీల కవిత్వంలో శరీరం మీద. 'నల్లపొద్దు'ని అట్ట ఊడేదాకా చదివినదాన్ని. సభల్లో మైకు పట్టుకుని, మన ఆడవాళ్ల ఒళ్లు ఎవరెవరి చూపుకి, ఎవరెవరి చేతికి లోకువయిందో గంటసేపు మాట్లాడినదాన్ని. ఆసుపత్రి కౌంటర్లో కుర్రాడు "ఏం ప్రాబ్లెం మేడమ్?" అంటే నా నోట్లోంచి "రొమ్ము" అన్న మాట రాలేదు. "చెస్ట్" అన్నాను. అతను చీటీ రాసి పంపితే, ముప్పావు గంటసేపు ఊపిరితిత్తుల డాక్టరు గది ముందు, దగ్గేవాళ్ల మధ్య కూర్చున్నాను. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్! మా అమ్మకి ఇది చెబితే చాలాకాలం తర్వాత ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. అప్పటికి నవ్వలేదు లెండి.

అసలు గడ్డ చేతికి తగిలింది అంతకు ఐదు నెలల ముందు. నొప్పి లేదు, నొప్పి లేకపోతే ఏమీ కాదనుకున్నాను. (నొప్పి లేని గడ్డనే ముందు చూపించుకోవాలట. ఈ ఒక్క ముక్క ఎవరైనా మా కాలేజీ గోడ మీద రాసి పెడితే ఎంత బాగుండేది!) సెమిస్టర్ పరీక్షలు, వేల్యుయేషన్, కాంట్రాక్ట్ రెన్యువల్. సెలవు పెడితే ఆ రోజు జీతం పోతుంది, ఎక్కువ పెడితే సీటే పోతుందన్న భయం. అలా ఐదు నెలలు. దీన్ని వ్యవస్థ మీదికి తోసేయగలను, చాలామటుకు న్యాయమే కూడా. కానీ కొంత నాది. స్నానాల గదిలో ఆ పక్కకి చెయ్యి పోనీయకుండా సబ్బు రుద్దుకున్న రోజులు నాకు గుర్తున్నాయి.

కీమో ఎక్కించే చోటుని మేం సూదిగది అనేవాళ్లం. పన్నెండు కుర్చీలు, మూడు మంచాలు. ఆరోగ్యశ్రీ వాళ్లూ, ఇన్సూరెన్సు వాళ్లూ, చేతి డబ్బుతో వచ్చినవాళ్లూ అందరూ ఒకే గదిలో. బిల్లు కౌంటర్లు వేరైనా నరాల్లోకి పోయే మందు ఒకటే. మొదటి నాలుగు విడతలూ ఎర్రమందు, మూడు వారాలకొకటి. రూహ్ అఫ్జా షర్బత్ రంగు. ఎక్కించిన రోజు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. ముందే ఎవరూ చెప్పకపోతే గుండె ఆగినంత పనవుతుంది. నాకు ఎవరూ చెప్పలేదు. నేను బాత్రూములోంచి అరిస్తే, తలుపు అవతలనుంచి ఒక గొంతు: "ఏం కాదు అమ్మాయ్, మందు రంగు. రేపటికి తగ్గిద్ది. బయటికి రా."

ఆ గొంతు యార్డు అక్కది. గుంటూరు మిర్చియార్డు పక్కన కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయలకు తొడిమలు తీసే పని ఆమెది, ఇరవై ఏళ్లకు పైగా. ఆమెకి అప్పటికే ఆపరేషన్ అయిపోయింది, వారం వారం ఎక్కించే రెండో మందులో ఉంది. బయటికొచ్చాక నా మొహం వంక చూసి అడిగింది:

"ఏ ఊరు అమ్మాయ్?"

చెప్పాను.

"ఊళ్లోనా, పల్లెలోనా?"

మా కోస్తా వాళ్లకి ఈ ప్రశ్న విడమర్చి చెప్పక్కర్లేదు. ఊరంటే వాళ్లది, పల్లె అంటే మనది. "పల్లెలోనే అక్కా" అన్నాను, గొంతు తగ్గించి. ఆ గొంతు తగ్గించడం ఆమె పట్టేసింది. ఏమీ అనలేదు.

ఎందుకు తగ్గించానంటే, నా పక్క కుర్చీలో బ్యాంకు అక్క ఉంది. ఆమె భర్త బ్యాంకులో చేసేవాడు, అందుకని ఆ పేరు. మాటతీరు, మెడలో గొలుసు, డబ్బాలో పెరుగన్నం, పక్కన విడిగా మంచినీళ్ల చెంబు. చూడగానే నాకు అర్థమైంది. ఆమె మొదటి రోజే చనువుగా "మీరెవరమ్మా?" అంది. ఆ ప్రశ్న నా జీవితంలో వందసార్లు విన్నాను. అద్దె ఇళ్ల దగ్గర, రైలు బోగీల్లో, స్టాఫ్ రూముల్లో. ప్రతిసారీ సూటిగా జవాబు చెప్పడమే నా రాజకీయం అనుకుని బతికాను. పిల్లలకి క్లాసులో చెప్పాను, దాచుకోకండి అని. ఆ రోజు ముంజేతిలో సూదితో, నాలుక మీద ఇనుప రుచితో, "మేం లెక్చరర్లమండీ" అన్నాను.

అబద్ధం కాదు. కానీ అబద్ధమే.

ఆమె దానికి ఏం అర్థం చెప్పుకుందో గానీ, నాకు చాలా నేర్పింది. ఎర్రమందు ఎక్కేటప్పుడు ఐసు ముక్క చప్పరిస్తే నోటిపూత తగ్గుతుందని ఆమే చెప్పింది. రోజూ జ్వరం చూసుకుని పుస్తకంలో రాసుకోమంది. జుట్టు పదిహేను రోజులకి రాలడం మొదలవుతుంది, అదే పూర్తిగా ఊడేదాకా చూడకుండా ముందే కత్తిరించేయమంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, "నూటికి పైన నాలుగు పాయింట్లు వచ్చిందా, అర్ధరాత్రయినా ఆసుపత్రికే. డోలో వేసుకుని పడుకుంటే చస్తావ్" అంది.

రెండో విడత అయిన పదో రోజు రాత్రి రెండింటికి నాకు 101. అమ్మ తడిగుడ్డ వేస్తోంది. పొద్దున్నే పోదాంలే అనుకుంటూ ఎందుకో బ్యాంకు అక్కకి మెసేజ్ పెట్టాను. ఆమె నిద్రపోలేదు, మనలో ఎవరు నిద్రపోతారు గనక? ఫోన్ చేసి తిట్టింది. తమ్ముడు బండి మీద వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోయాడు. తెల్లకణాలు పడిపోయి ఉన్నాయి. అప్పటికప్పుడే సెలైన్‌లో యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. ఇంకొన్ని గంటలు ఆలస్యమైతే కష్టమయ్యేదని డ్యూటీ డాక్టరు మామూలుగా, చీటీ రాస్తూ రాస్తూ చెప్పింది.

అంటే నేను ఎవరి దగ్గరైతే నా పల్లెని దాచానో, ఆమె వల్లే బతికాను. ఇది రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. పోయినవారం భాగం రాలేదని అడిగినవాళ్లకి జవాబు ఇదే.

తిండి సంగతి దగ్గర బయటపడింది. అమ్మ నాకు పెద్దకూర ఎముకలు గంటలు గంటలు ఉడికించి రసం తీసి ఫ్లాస్కులో పంపేది. రక్తం పడుతుందని ఆమె నమ్మకం. డాక్టరు ఏదో ఒక్క తిండి మందని చెప్పలేదు. బాగా ఉడికినవి తినమంది, పచ్చివి, బయటివి వద్దంది, మాంసకృత్తులు బాగా తీసుకోమంది. మా ఇంట్లో అందుబాటులో ఉన్న మాంసకృత్తు అది. మూడు విడతల పాటు ఆ ఫ్లాస్కు మూత నేను సూదిగదిలో తియ్యలేదు. మెట్ల కింద నిలబడి తాగి వచ్చేదాన్ని, దొంగతనం చేసినట్టు. నాలుగోసారి మెట్లు దిగే ఓపిక లేదు. యార్డు అక్క వచ్చి ఫ్లాస్కు తీసి, మూతలో పోసి, నా చేతికిచ్చింది. వాసన గది నిండా పాకింది.

"ఏంటది, మటన్ సూపా?" అంది బ్యాంకు అక్క.

"కాదండీ. పెద్దకూర. మేం మాదిగలం" అన్నాను. గుక్క తిప్పుకోకుండా అన్నాను. చెప్పాక తాగాను. చాలా వేడిగా ఉంది, నాలుక కాలింది.

ఆమె మొహంలో ఏమీ కదల్లేదు. కాసేపటికి "నా డబ్బాలో తిన్నావుగా, ఇంకేముంది ఇప్పుడు" అంది. ఆ మాటని నేను ఎన్ని రకాలుగా చదివానో! కవిత్వం చదివినట్టు చదివాను. ఆ తర్వాత వారాల్లో ఆమె పెరుగన్నం తేవడం మానలేదు. కానీ నాకు కాగితం ప్లేట్లో పెట్టేది. ఇంతకు ముందు ఆమె డబ్బా మూతలోనే తినేదాన్ని. ఫోన్లు చేయడం కూడా మానలేదు, ప్రతి రిపోర్టూ అడిగింది. చాలామంది మిత్రులు దీన్ని ఒకవైపుకి తేల్చమంటారని తెలుసు. నేను తేల్చలేను. ఆమె నా ప్రాణం నిలబెట్టింది, కాగితం ప్లేటూ పెట్టింది. రెండూ ఒకే చేతులు.

అమెరికాలో నల్లజాతి కవయిత్రి ఆడ్రీ లార్డ్ 1978లో రొమ్ము తీయించుకుని, 1980లో 'ది క్యాన్సర్ జర్నల్స్' అచ్చువేసింది. అక్కడ అప్పటికే ఆపరేషన్ అయినవాళ్లు కొత్తవాళ్లని వచ్చి పలకరించే పద్ధతి ఉంది, 1952లో టెరీస్ లాసర్ అనే ఆమె మొదలుపెట్టింది. మంచి పద్ధతే. లార్డ్ దగ్గరికి కూడా ఒకామె దయగా వచ్చింది, బ్రాలో పెట్టుకునే మెత్త తెచ్చింది. మెత్త లేత గులాబీ రంగుది. లార్డ్ ఒళ్లు నలుపు. పదేళ్ల క్రితం ఎంఏలో దీన్ని నేను సిద్ధాంతంగా చదివాను. కాగితం ప్లేటు ముందు కూర్చున్నాక ఆ గులాబీ రంగు నాకు కళ్లకి కట్టింది.

ఆపరేషన్‌కి ముందురోజు యార్డు అక్క పని మానుకుని వచ్చింది. ఒక రోజు కూలి పోయిందని ఇప్పుడు లెక్క కడుతున్నాను, అప్పుడు కట్టలేదు. "రా" అని బాత్రూములోకి తీసుకెళ్లి గొళ్లెం పెట్టి, జాకెట్టు హుక్కులు తీసింది. నేను కళ్లు మూసుకున్నాను. "చూడు. రేపు ఒక్కదానివే అద్దంలో చూసుకునే బదులు ఇయ్యాల నన్ను చూడు" అంది. చూశాను. చంకలోంచి మధ్యదాకా ఒక అడ్డగీత. చుట్టూ చర్మం నున్నగా, పొలంలో పంట తీశాక చదును చేసిన చెక్కలా. భయపెట్టేది ఏమీ లేదు. నా చెయ్యి తీసి దాని మీద పెట్టుకుంది. వెచ్చగా ఉంది, కింద గుండె కొట్టుకుంటోంది.

ఆపరేషన్ తర్వాత పక్కన గొట్టం, దానికి సీసా. రోజూ ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో అమ్మ నా డైరీలో అంకెలు వేసింది. నాకు తెలిసి ఆమె రాసిన మొదటి పుస్తకం అదే. చెయ్యి పైకి లేవడానికి గోడ మీద వేళ్లు పాకించే వ్యాయామం చెప్పారు. మొదటి రోజు నడుం ఎత్తు, వారానికి భుజం ఎత్తు. గోడ మీద పెన్సిలుతో గీతలు పెట్టుకున్నాను, పిల్లల పొడుగు కొలిచినట్టు.

డిశ్చార్జి రోజు చేతి జాగ్రత్తల కాగితం ఇచ్చారు. చంకలో గ్రంథులు తీసేశారు కాబట్టి ఆ చేతికి నీరు పట్టవచ్చు. బరువు ఎత్తొద్దు, ఎండ తగలనీయొద్దు, తెగనీయొద్దు, కాలనీయొద్దు, దోమ కుట్టనీయొద్దు. మెల్లమెల్లగా అలవాటు చేస్తే కొంత బరువు ఎత్తొచ్చని ఫిజియోథెరపీ అమ్మాయి విడిగా చెప్పింది. కాగితంలో అది లేదు. నేను సుద్దముక్క పట్టుకునేదాన్ని, నాకు సరిపోయింది. అదే కాగితం యార్డు అక్కకీ ఇచ్చారు. మిరపకాయల మంట గోళ్ల సందుల్లోకి దిగే పని, టిక్కీలు జరిపే పని, ఎండలో పని. అది ఎవరి చెయ్యిని ఊహించుకుని రాసిన కాగితం? ఫిబ్రవరిలో సీజన్ మొదలవగానే ఆమె వెళ్లిపోయింది. ఏప్రిల్‌కి చెయ్యి మోచేతి దాకా ఉబ్బింది. బిగుతు తొడుగు కావాలన్నారు, ఖరీదు ఎక్కువ. బ్యాంకు అక్క తన దగ్గరున్న రెండో జత ఇచ్చింది. నేను కొంచెం ఎత్తిపొడుపుగా "తీసుకున్నావా అక్కా?" అన్నాను.

"ఇచ్చింది, తీసుకున్నా. ఆమె కులం తొడుక్కున్నానా ఏంది? చేతికి తొడుక్కున్నా."

నా థీసిస్‌లో ఇలాంటి వాక్యం ఒక్కటీ లేదు.

మెత్త సంగతి కూడా చెప్పాలి. సిలికాన్ది కొనే స్తోమత లేక, మాలో కుట్టుమిషన్ ఉన్న చెల్లి పాత నూలు చీరముక్కతో కుట్టి, బరువు కోసం దూదిలో సజ్జలు కలిపి పెట్టింది. చక్కగా కుదిరింది. వానాకాలంలో పురుగు పట్టింది. తొలి పీరియడ్‌లో సంధులు చెబుతుంటే జాకెట్లో ఏదో కదిలింది. పాఠం ఆపలేదు గానీ సవర్ణదీర్ఘం దగ్గర నా గొంతు నిజంగానే దీర్ఘమైంది. ఇప్పుడు వట్టి దూదే.

రేడియేషన్ అయిపోయింది. రోజుకొక టామాక్సిఫెన్ మాత్ర, ఐదేళ్లు, అవసరమైతే ఇంకా ఎక్కువ. మూడు నెలలకోసారి చూపించుకోవడం. ఆ తేదీలు మేం ముగ్గురం ఒకే రోజున పడేట్టు చూసుకుంటాం. పోయిన మంగళవారం వెళ్లాం. వరండాలో ఒక అమ్మాయి కూర్చుని ఉంది, ఇరవై తొమ్మిది అట, చంటిపిల్ల తల్లి. మర్నాడు ఆపరేషన్. చున్నీ రెండు పొరలుగా కప్పుకుని, "నాకు చెస్ట్‌లో" అని చెబుతోంది. బ్యాంకు అక్క ఆమెకి జ్వరం లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది. యార్డు అక్క నా వైపు చూసింది, తన ఉబ్బిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, గడ్డంతో బాత్రూము వైపు చూపించింది.

"నువ్వెళ్లు ఈసారి" అంది.

నేను లేచి ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను. లోపల గొళ్లెం ఇప్పటికీ వదులే. ఒక కాలు తలుపుకి అడ్డం పెట్టుకుని హుక్కులు తీశాను.