నీరటి తాత నడిపించిన దారి

1980లో ఇందిరమ్మ మెదక్ నుంచి గెలిచిన ఏడాదికి నేను అమీన్‌పూర్‌లో చిన్న పిల్లవాణ్ణి. అప్పట్లో మాది మెదక్ జిల్లా. పొద్దున్నే మనుషులు సైకిళ్ల మీద రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌కు పోయేవారు. పటాన్‌చెరు పక్కన ఇక్రిశాట్‌లో జొన్న, సజ్జ, కంది మీద పరిశోధన జరుగుతోందని బడిలో సారు చెప్పేవారు. మాకు మాత్రం లోకమంతా పెద్ద చెరువే. కుతుబ్‌షాహీల కాలం నాటి చెరువు. కట్ట ఎక్కితే ఒక పక్క నీళ్లు, మరో పక్క వరి మళ్లు.

ఆ నీళ్లను పంచేది నీరటి తాత. వానాకాలంలో ఆయనకు పెద్దగా పని ఉండేది కాదు. యాసంగిలో చెరువు సగానికి పడిపోయినప్పుడు ఊరంతా ఆయన వైపే చూసేది. తూము ఎంత తీయాలి, ఎవరి వంతు ఎప్పుడు అన్నది ఆయన మాటే. చేతిలో కాగితం లేదు, గడియారం లేదు. కాలువ గట్టు మీద నడుస్తూ పారే నీటి చప్పుడు వినేవాడు. ఎక్కడైనా గండి పడితే ఆ చప్పుడులోనే తెలిసిపోయేది. నడిచేటప్పుడు మాట్లాడేవాడు కాదు, మమ్మల్నీ మాట్లాడనిచ్చేవాడు కాదు. పంట చేతికొచ్చాక రైతులు కొలిచి ఇచ్చే వడ్లే ఆయన జీతం.

మా మడి కాలువ మొదట్లో ఉండేది. నా సోపతిగాడి మడి చిట్టచివర. ఒక యాసంగి రాత్రి, వంతు మాది కాకపోయినా, నేను పోయి మా మడవ తీశాను. ఎవరూ చెప్పలేదు, నా అంతట నేనే తీశాను. మా మడి నెర్రెలు విచ్చుతోందని బాపు దిగులుపడటం చూడలేకపోయాను. తెల్లారేసరికి మా మడి నిండింది.

"రాత్రి మడవ ఎవరు తీసిండ్రు బిడ్డా?" అని అడిగాడు తాత.

"నాకు తెల్వదు తాతా."

"సరే, నడు."

ఆయన ముందు, నేను వెనక. కాలువ పొంటి చివరిదాకా తీసుకుపోయాడు. మా దగ్గర తడి, కొంత దూరం పోతే బురద, ఆ తర్వాత ఉత్త మన్ను. సోపతిగాడి మడిలో నారు కొసలు ఎర్రబడ్డాయి. తాత గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాడు. ఒక్క మాట అనలేదు. బీడీ అయిపోయిందాకా నేను ఆ నారునే చూస్తూ నిలబడ్డాను.

ఆ సాయంత్రం కట్ట మీద నా సోపతిగాడికి నిజం చెప్పేశాను. వాడు ఆశ్చర్యపోలేదు.

"నీ అడుగులు పొద్దున్నే చూసిన. నీ ఎడమ చెప్పు తెగింది గద, ఒక కాలిది ఉత్త పాదం."

"మరి ఎవరికీ చెప్పలేదేంరా?"

"నువ్వే చెప్తవనుకున్న."

బడిలో వేమన పద్యాలు, సుమతీ పద్యాలు ఎన్నో బట్టీ పట్టాం, అప్పజెప్పాం. వాటి విలువ నాకు తెలుసు. అయినా నిజాయతీ అనగానే నాకు గుర్తొచ్చేది ఆ ఎర్రబడ్డ నారు, సోపతి అంటే వాడు నోరు మెదపకుండా ఉన్న ఆ ఒక్క పగలు. మరుసటి వంతు మాది. బాపుకు జరిగిందంతా చెప్పాను. ఆ వంతు నీళ్లు చివరి మడికి వదిలాం.

మేం ఎదుగుతుంటే చుట్టూ పరిశ్రమలూ పెరిగాయి. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం. మా ప్రాంతంలో వేలమందికి అవి అన్నం పెట్టాయి, ఆ మాట కాదనను. కానీ రసాయనాల వ్యర్థాలు నక్కవాగులో కలిశాయి, ఆ వాగు మంజీరకు పోతుంది. వాగు పొంటి ఊళ్లలో పొలాలు పాడయ్యాయి, బావుల నీళ్లు చెడ్డాయి. పైనున్నవాడు మడవ తీస్తే చివరివాడి నారు ఎండటమే ఇది కూడా. ఇక్కడ నిలబడి చూపించడానికి నీరటి తాత లేడు.

2016లో మా చెరువును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో ఒక పట్టణ చెరువుకు ఆ గుర్తింపు రావడం అదే మొదలు. రాజహంసలు దిగే ఆ నీళ్ల చుట్టూ ఇప్పుడు అంతా ఇళ్లే. మా మడి లేదు, వాడి మడి లేదు. మా సోపతి ఉంది.

అమీన్‌పూర్‌లో కొత్తగా ఇల్లు కట్టుకున్నవారికి ఒక మాట. మీ ఇంటి మురుగునీరు ఎటు పోతోందో, ఒక ఆదివారం పొద్దున దాని పొంటి చివరిదాకా నడవండి. పిల్లల్ని కూడా వెంట తీసుకుపోండి.